స్టింగ్‌రేలు కొట్టుకుని గాయపడితే ఏం చేయాలి

పొద్దున లైటు వేయగానే మీ ట్యాంకులో పెంచుకుంటున్న మంచినీటి స్టింగ్‌రే, అంటే మనం రే అని పిలిచే పళ్లెం లాంటి చేప, అంచు చిరిగి, ఎర్రగా కనిపిస్తే మీరు చేయకూడని పని ఒకటుంది. బండి తీసుకుని అక్వేరియం షాపుకి పరిగెత్తకండి. షాపువాడు ఏదో ఒక సీసా చేతిలో పెడతాడు, మీరు తెచ్చి ట్యాంకులో పోస్తారు, అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. నేను చూసినంతలో గాయం వల్ల చచ్చిన రేల కన్నా, గాయానికి పోసిన మందు వల్ల చచ్చినవే ఎక్కువ. కొరికేదాన్ని దూరం పెట్టి, నీళ్లు శుభ్రంగా ఉంచితే మామూలు కాటు దానంతట అదే మానుతుంది. ఈ రెండు పనులూ సరిగ్గా ఎలా చేయాలో, ఎప్పుడు ఇవి చాలవో చెప్తాను.

తిరుపతి, చిత్తూరు వైపు రేలు పెంచేవాళ్లు చాలామంది చెన్నై కొళత్తూరు మార్కెట్ నుంచి తెచ్చుకుంటారు. పుత్తూరు, నగరి మీదుగా ప్లాస్టిక్ సంచిలో నీళ్లు కదులుతూ వచ్చిన చేప అది. ఇంటికొచ్చాక ఇరుకు ట్యాంకు, బోరు నీళ్లు, మే నెల ఎండ. కొట్లాటలకు సగం కారణం అక్కడే ఉంటుంది.

చెయ్యి పెట్టే ముందు

రే తోక మీద, మధ్యభాగంలో, రంపం పళ్లున్న ముల్లు ఉంటుంది. దాన్ని కప్పి ఉన్న పొరలో విషం ఉంటుంది. మామూలుగా చేతిలో తిండి తినే రే కూడా గాయపడి బెదిరినప్పుడు తోక విసురుతుంది. అందుకే ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు ఇంట్లో ఇంకొకరు పక్కన ఉండేలా చూసుకోండి. పిల్లల్ని ఆ గదిలోంచి పంపేయండి.

ఒకవేళ గుచ్చుకుంటే ఏం చేయాలో ముందే తెలిసుండాలి. గుచ్చుకున్న చేతిని మంచి నీళ్లతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ముంచి ఉంచాలి. 45 డిగ్రీలు దాటకూడదు. నొప్పిలో ఉన్న చేతికి వేడి సరిగ్గా తెలియదు కాబట్టి, గుచ్చుకోని చేత్తో నీళ్లు చూడండి. 30 నుంచి 90 నిమిషాల దాకా ముంచి ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. ఐసు పెట్టకండి, గట్టిగా కట్టు బిగించకండి, బ్లేడుతో కోయకండి. నొప్పి తగ్గింది కదా అని ఇంట్లో కూర్చోవద్దు. మంచినీటి రే ముల్లు గుచ్చుకున్న చోట చుట్టూ ఉన్న చర్మం, కండ కుళ్లిపోవడం ఎక్కువ. ముల్లు ముక్క లోపల విరిగి ఉండిపోవచ్చు, ఎక్స్‌రే తీయాల్సి రావచ్చు, టీటీ ఇంజక్షన్ కావాలి. తిరుపతి రుయా ఆసుపత్రికి పోతారో, మీ డాక్టరు దగ్గరికి పోతారో మీ ఇష్టం, కానీ ఆ రోజే పోవాలి. ఛాతీలో, పొట్టలో, మెడ దగ్గర గుచ్చుకుంటే ముల్లు పీకకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా అంతే.

ముల్లు కత్తిరించేస్తే పోదా అని అడుగుతుంటారు. పోదు. కొన్ని నెలలకోసారి పాతది రాలి కొత్తది మొలుస్తూనే ఉంటుంది. కత్తిరిస్తే చేపకు ఇంకో గాయం చేసినట్టే.

కొరికింది ఎవరు?

అందరూ రే, రే కొట్టుకున్నాయనే అనుకుంటారు. ముందు గాయాన్ని బాగా చూడండి. ట్యాంకు లైటు ఆపేసి, ఫోన్ టార్చ్‌ని పక్క నుంచి వేస్తే పైనుంచి కనపడని గీతలు కూడా కనిపిస్తాయి.

మగ రే కాటు దాదాపు ఎప్పుడూ డిస్క్, అంటే పళ్లెం లాంటి దాని ఒళ్లు, అంచు మీదే, అందులోనూ వెనక వైపు ఉంటుంది. మగది ఆడదాని అంచును నోటితో పట్టుకుని వదలదు. జత కట్టేటప్పుడు అది చేసే పనే అది. పెద్ద మగవాటి పళ్లు ఆడవాటి పళ్ల కన్నా మొనదేలి ఉంటాయి, పట్టు దొరకడం కోసం. అందుకే అంచు మీద అర్ధచంద్రాకారంలో, వరసగా చిన్న చిన్న గాట్లు, దాని చుట్టూ చర్మం గీసుకుపోయి తెల్లగా కనిపిస్తే మగ రే పని అనుకోవచ్చు. మగదాన్ని గుర్తుపట్టడం తేలిక. తోక మొదట్లో, కింది రెక్కల పక్కన రెండు కాడల్లాంటివి ఉంటాయి, వాటినే క్లాస్పర్లు అంటారు. రెండు మగవి ఒకే ఆడదాని కోసం కొట్టుకున్నప్పుడు మగవాటి అంచుల మీద కూడా ఇవే గాట్లు పడతాయి.

డిస్క్ మధ్యలో, వీపు మీద, రూపాయి బిళ్లంత గుండ్రటి పచ్చి మచ్చలు ఉంటే మీ సక్కర్ ఫిష్‌ని అనుమానించండి. ట్యాంకు అద్దాలు శుభ్రం చేస్తుందని వేసిన సక్కర్ రాత్రిపూట రే మీద అతుక్కుని దాని ఒంటి జిగురును గీకి తింటుంది. ఇది అప్పుడప్పుడు జరిగే వింత కాదు, రే ట్యాంకుల్లో చాలా మామూలు విషయం. రాత్రి బాగా పొద్దుపోయాక, గదిలో లైటు లేకుండా వెళ్లి ఒక్కసారి టార్చ్ వేసి చూడండి, దొరికిపోతుంది. సక్కర్‌ను తీసేస్తే సమస్య అక్కడితో అయిపోతుంది.

గాయం కడుపు వైపు ఉంటే కొట్లాట కాదు, అడుగున ఉన్న గులకరాళ్లు గీసుకున్నాయి. నిలువుగా చారలా కాలినట్టుంటే హీటర్. రే హీటర్ మీద ఆనుకుని పడుకుంటుంది, కాలుతున్నా లేవదు. చలికాలంలో హీటర్ పెట్టేవాళ్లు దానికి ప్లాస్టిక్ గార్డు తప్పకుండా తొడగాలి, లేదంటే హీటర్‌ను సంప్‌లోకి, అంటే ట్యాంకుకు కలిపి ఉండే ఫిల్టర్ తొట్టిలోకి, మార్చేయాలి. తోక చివర కొరికినట్టుంటే పక్కనున్న పెద్ద సిక్లిడ్‌లనో, ఆకలిగా ఉన్న అరోవానానో చూడండి.

ఇంత చూడమని ఎందుకంటున్నానంటే, గాయం చేసింది సక్కర్ అయినప్పుడు మీరు మగ రేను వేరు చేసి కూర్చుంటే, మర్నాటికి ఇంకో మచ్చ పడుతుంది.

విడదీయడం

ఇక్కడ చాలామంది తలకిందులుగా చేస్తారు. గాయపడ్డదాన్ని తీసి చిన్న టబ్బులో వేస్తారు, కొరికినదాన్ని పెద్ద ట్యాంకులో హాయిగా వదిలేస్తారు. వీలైతే కొరికినదాన్నే తీయండి. గాయపడ్డదానికి పెద్ద నీళ్లు కావాలి, బాగా నడుస్తున్న పాత ఫిల్టర్ కావాలి. అవి రెండూ ఉన్నది మెయిన్ ట్యాంకులోనే. పైగా పుండు మీద ఉన్న చేపను పట్టుకోవడమే దానికి ఇంకో దెబ్బ.

వలతో మాత్రం పట్టొద్దు. ముల్లు వలలో చిక్కుకుంటుంది, రే గింజుకుంటుంది, డిస్క్ చీలుతుంది. నున్నటి వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి, బట్టలు నానబెట్టేదైనా సరే, సబ్బు వాసన లేకుండా కడిగింది అయితే చాలు. దాన్ని ట్యాంకులో ముంచి అడుగున పెట్టి, ఇంకొకరు ఒక అక్రిలిక్ షీటుతో వెనక నుంచి మెల్లగా తోలితే రే దానంతట అదే టబ్బులోకి పోతుంది. తొందర చేయకండి, లైట్లు ఆపేస్తే అది కాస్త నెమ్మదిస్తుంది. టబ్బులో నీళ్లతో సహా పైకెత్తాలి. రేను నీళ్లలోంచి బయటికి ఎత్తొద్దు, కడుపు కింద నీటి ఆనిక లేకపోతే లోపలి భాగాలు కిందికి జారి నలుగుతాయి. ఎత్తేటప్పుడు ముఖం టబ్బు మీదికి వంచొద్దు.

రెండో ట్యాంకు లేకపోతే మధ్యలో అడ్డు పెట్టుకోవచ్చు. దానికి చదరాల ప్లాస్టిక్ జాలీ వద్దు, రే దాని మీదికి ఎక్కి అంచు గీసుకుంటుంది. నాలుగైదు మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు కొనుక్కుని, అంచులు ఉప్పుకాగితంతో రుద్దించి, నీళ్లు రెండు వైపులా తిరిగేలా పైభాగంలో చిన్న రంధ్రాలు వేయించండి. అడుగున సందు ఉండకూడదు, ఇసుక ఉంటే అందులోంచి అడుగు అద్దం దాకా దిగాలి. ఆ సందులోంచే రేలు అవతలికి దూరిపోతాయి.

నీళ్లు

మందు అంటూ ఏదైనా ఉంటే ఇదే. ముందు అమ్మోనియా, నైట్రైట్ చూడండి, చేప వ్యర్థాల వల్ల నీళ్లలో చేరే విషాలు ఇవి. రెండూ సున్నా ఉండాలి. కాగితం పట్టీల కన్నా చుక్కల టెస్ట్ కిట్ నమ్మకం. పుండు మానేటప్పుడు నీళ్లలో అమ్మోనియా కాస్త ఉన్నా చర్మం మళ్లీ మళ్లీ మండుతుంది, బ్యాక్టీరియాకు పండగ.

మన వైపు బోరు నీళ్లకు ఇంకో గొడవ ఉంది. చాలా బోర్లలో నీళ్లు గట్టిగా ఉంటాయి, పీహెచ్ 8 దాకా, ఒక్కోసారి దాటి కూడా ఉంటుంది. అదే అమ్మోనియా, పీహెచ్ 6.5 ఉన్న నీళ్లలో కన్నా 8 ఉన్న నీళ్లలో ఎన్నో రెట్లు ప్రమాదం. వేడి పెరిగితే ఇంకా ఎక్కువ. కాబట్టి కిట్‌లో రంగు కొంచెం మారితే కొంచెమే కదా అనుకోకండి. మున్సిపాలిటీ నీళ్లు, అంటే కల్యాణి డ్యామ్ నుంచో తెలుగుగంగ నుంచో వచ్చేవి, గట్టితనం విషయంలో సాధారణంగా నయమే గానీ వాటిలో క్లోరిన్ ఉంటుంది. ఇంటి నీళ్ల సంపులో నిలవ ఉన్నవైనా సరే యాంటీ క్లోరిన్ వేసి, గంట సేపు గాలి పట్టించి వాడండి. వేయాల్సిన మోతాదు ప్యాకెట్టు మీద ఉంటుంది.

గాయం చూసిన రోజే మూడో వంతు నీళ్లు మార్చండి. తర్వాత వారం, పది రోజులు రోజూ 15 నుంచి 20 శాతం. ఒకేసారి సగానికి పైగా తీసేసి బోరు నీళ్లు పోస్తే పీహెచ్ ఒక్కసారిగా మారిపోతుంది, అది ఇంకో దెబ్బ. కొత్త నీళ్ల వేడి ట్యాంకులో ఉన్నదానికి ఒక డిగ్రీ అటూ ఇటూ ఉండాలి. ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు నుంచి నేరుగా పైపు పెడితే మధ్యాహ్నం కాలే నీళ్లు వస్తాయి, మర్చిపోకండి.

వేడి 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంచగలిగితే మంచిది. మే నెలలో గదిలోనే 35 దాటినప్పుడు ఆ అంకె నిలబెట్టడం కష్టమే. నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రం లేనివాళ్లు ట్యాంకు మూత తీసి, జాలీ వేసి, నీటి మీద ఫ్యాన్ తిప్పండి, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంపు ఇంకోటి పెట్టండి, కరెంటు పోయినా ఆడేలా ఇన్వర్టర్ మీదో బ్యాటరీ మీదో ఉండాలి. మిగతా అన్నిటికీ బాక్సులు, సీసాలు కొనేవాళ్లు ఈ చిన్న బ్యాటరీ పంపు దగ్గర మాత్రం బేరాలాడతారు. నాకిది ఎప్పటికీ అర్థం కాదు.

అడుగున గులకరాళ్లుంటే ఈ సందర్భంలో తీసేయండి. సన్నటి ఇసుక పలుచగా పరచండి, లేదా ఉత్త అద్దమే ఉంచండి. పదునైన రాళ్లు, ఎండు కట్టెలు కూడా బయటికి.

ఉప్పు, బాదం ఆకు

ఉప్పు వేయొచ్చు, కానీ ఎంత వేయాలో తెలిసి వేయండి. సముద్రంలో రేలు ఉంటాయి కదా, ఎంత ఉప్పైనా తట్టుకుంటాయి అనేవాళ్లున్నారు. తప్పు. సముద్రపు రేలు రక్తంలో యూరియా ఎక్కువగా నిలుపుకుని ఉప్పు నీటిలో బతుకుతాయి. దక్షిణ అమెరికా నదుల్లో ఉండే మన పొటామోట్రైగాన్ రేలు ఆ శక్తిని ఎప్పుడో పోగొట్టుకున్నాయి, వాటి రక్తంలో యూరియా చాలా తక్కువని శాస్త్రవేత్తలు 1967లోనే తేల్చారు. మన ఇంట్లో మోటోరో అయినా, నల్ల ఒంటి మీద తెల్ల చుక్కల లియోపోల్డీ అయినా ఈ కుటుంబమే.

మరి ఉప్పు ఎందుకు? చర్మం తెగిన చోట నీళ్లు ఒంట్లోకి చొరబడతాయి, లోపలి లవణాలు బయటికి పోతాయి. దాన్ని సరిచేసుకోవడానికే చేప ఓపికంతా ఖర్చవుతుంది. నీళ్లలో కొద్దిగా ఉప్పు ఉంటే ఆ భారం తగ్గుతుంది. లీటరుకు ఒక గ్రాము చాలు. అయోడిన్, ఇంకే పొడీ కలపని కల్లుప్పు వాడండి.

లెక్క ఇలా వేయండి. ట్యాంకు 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, నీటి ఎత్తు 20 అంగుళాలు అనుకుందాం. 6, 3, 1.67 గుణిస్తే 30 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకు 28.3 లీటర్లు, మొత్తం 850 లీటర్లు. ఇసుక, రాళ్లు పోగా 800 అనుకుని 800 గ్రాముల ఉప్పు. దాన్ని ఒకేసారి గుమ్మరించకుండా నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని బకెట్టు నీళ్లలో పూర్తిగా కరిగించి, ఒక రోజంతా విడతలుగా, ఫిల్టర్ నీళ్లు పడే చోట పోయండి. ఉప్పు పలుకు నేరుగా రే వీపు మీద పడితే కాలినట్టవుతుంది.

ఆవిరైపోయిన నీటికి బదులు నీళ్లు పోసేటప్పుడు ఉప్పు కలపొద్దు, ఎందుకంటే ఉప్పు ఆవిరవదు. నీళ్లు తీసి మార్చినప్పుడు మాత్రం, తీసినన్ని లీటర్లకే ఉప్పు కలపండి. ఈ తేడా పట్టించుకోకపోతే పది రోజుల్లో ఉప్పు ఎక్కడికో పోతుంది. పుండు మూసుకున్నాక ఉప్పు వేయడం ఆపేస్తే నీళ్లు మార్చే కొద్దీ అదే తగ్గిపోతుంది.

బాదం ఆకు సంగతి. మన వీధుల్లో, స్కూళ్లలో, గుడి ఆవరణల్లో ఉండే ఆ బాదం చెట్టుదే. చెట్టు నుంచి కోసింది కాదు, దానంతట అది రాలి బాగా ఎండి గోధుమరంగుకు వచ్చింది కావాలి. రోడ్డు పక్కవి వద్దు, పొగ, ఆయిలు పట్టి ఉంటాయి. కడిగి, వేడి నీళ్లలో ఒకసారి తడిపి, 50 లీటర్లకు ఒక పెద్ద ఆకు లెక్కన వేయండి. నీళ్లు టీ రంగుకు మారతాయి, పీహెచ్ కాస్త దిగుతుంది, చేప నెమ్మదిస్తుంది. పుండు మీద బ్యాక్టీరియాను కాస్త అదుపులో పెట్టే గుణం కూడా దానికి ఉంది. అయితే గట్టి బోరు నీళ్లలో పీహెచ్ మీద దాని ప్రభావం పెద్దగా కనిపించదు, ముందే చెప్తున్నా. కుళ్లడం మొదలైన ఆకును తీసేయాలి.

మందుల సీసాలు

ఆకుపచ్చ మందులో సాధారణంగా మలాకైట్ గ్రీన్ ఉంటుంది. తెల్లమచ్చలకు, పరాన్నజీవులకు ఇచ్చే వాటిలో రాగి లేదా ఫార్మలిన్ ఉండొచ్చు. రేలకు మామూలు చేపల్లా పొలుసుల కవచం లేదు, ఈ మూడూ వాటికి పడవు. రాగి అయితే ఏ మోతాదులోనూ వద్దు. మిథిలీన్ బ్లూ మెయిన్ ట్యాంకులో పోస్తే ఫిల్టర్‌లో ఉన్న మంచి బ్యాక్టీరియా చస్తుంది, మూడో రోజుకి అమ్మోనియా ఎగబాకుతుంది. అప్పుడు పుండు మానలేదని ఇంకో మందు పోస్తారు. ఈ గొలుసు ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు.

నెల్లూరు వైపు ఆక్వా షాపుల్లో రొయ్యల చెరువులకు అమ్మే డబ్బాలు తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఎకరాల చెరువుకు లెక్కగట్టిన మందును 800 లీటర్లకు కొలవడం ఎలాగండీ? చెరువుల్లో బొచ్చె, రోహు చేపలకు పుండ్ల జబ్బు వస్తే సున్నం, పసుపు వేస్తారు, భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ తయారుచేసిన సిఫాక్స్ అనే మందు వేస్తారు. అవి ఆ చేపలకు, ఆ చెరువులకు. ఇంట్లో అమ్మమ్మ పసుపు అద్దమంటుంది, ప్రేమతోనే అంటుంది, కానీ ఇక్కడ వద్దు.

రోజూ ఏం చూడాలి

రోజూ ఒకే వేళకి, ఒకే చోటు నుంచి ఫోటో తీయండి. కంటికి రోజూ ఒకేలా ఉన్నట్టనిపిస్తుంది, ఫోటోలు పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది.

మానే గాయం ఇలా ఉంటుంది. మొదటి ఒకటి రెండు రోజులు ఎర్రగా, తర్వాత అంచులు లేత గులాబీ, దాని మీద పలుచటి తెల్ల పొర. ఆ తెల్ల పొరను చూసి ఫంగస్ అని భయపడతారు. కొత్త చర్మం నున్నగా, ఒంటికి అతుక్కుని ఉంటుంది. ఫంగస్ దూదిలా లేచి నీళ్లలో ఊగుతుంది. తేడా చూడటానికి పక్క నుంచి టార్చ్ వేయండి. పైపైన గీసుకుపోయింది రోజుల్లోనే మూసుకుంటుంది. అంచు ముక్క ఊడిపోతే ఆ గంటు పూడటానికి వారాలు పడుతుంది, రంగు ఇంకా ఆలస్యంగా వస్తుంది, చుక్కలు మునుపటిలా రాకపోవచ్చు.

గాయం కన్నా చేప ప్రవర్తన ఎక్కువ చెప్తుంది. కళ్ల వెనక ఉన్న రెండు రంధ్రాలు, స్పిరకిల్స్, నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుంటున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. పడుకుని ఉన్నప్పటి అంకె రోజురోజుకీ పెరుగుతుంటే ఆక్సిజన్ తక్కువో, నీళ్లు బాగాలేవో, జబ్బు లోపలికి పోయిందో అర్థం. డిస్క్ అంచులు పైకి ముడుచుకుని అలాగే ఉండిపోతే అది చాలా చెడ్డ సూచన. వెంటనే అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ మూడూ చూసి నీళ్లు మార్చండి. తోక మొదట్లో, నడుం దగ్గర లోపలి గూడు తేలి కనిపిస్తే తిండి చాలడం లేదు.

తిండి

గాయం అయిన రోజు తిండి పెట్టకండి. మర్నాడు కొంచెం పెట్టి చూడండి. పెద్ద రే ఒకటి రెండు రోజులు తినకపోయినా ఏం కాదు. పిల్ల రేలను మాత్రం అంతసేపు పస్తులుంచకూడదు, అవి త్వరగా చిక్కిపోతాయి. తినని ముక్కను అరగంటలో తీసేయాలి, లేకపోతే నీళ్లు చెడేది దానివల్లే.

అన్నిటికన్నా ఇష్టంగా తినేది వానపాములు. పురుగుమందు కొట్టని మట్టిలోవి అయితేనే. రొయ్యలు పెట్టేటప్పుడు తల, పొట్టు తీసి చిన్న ముక్కలు చేయండి. రోజూ రొయ్యలే పెట్టడం మంచిది కాదు. రొయ్యల్లో, కార్ప్ జాతి చేపల్లో విటమిన్ బీ1ను నాశనం చేసే థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మధ్యమధ్యలో తిలాపియా ముక్కలు, మన దగ్గర జిలేబీ చేప అంటామే అది, ముళ్లు తీసి పెట్టండి. గాయం మానే రోజుల్లో ముక్కలో కాస్త బీ1 పొడి కూరి పెట్టేవాళ్లున్నారు, అది మంచి అలవాటే.

పెరటాసి, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే వెంకటేశ్వరస్వామి నెల, వస్తే మన ఇళ్లలో నీచు గడప దాటి లోపలికి రాదు. ఫ్రిజ్‌లో రొయ్యల డబ్బా కనిపిస్తే ఎంత రభసో మీకు తెలుసు. రేలు పెంచే ఇంట్లో విడిగా ఒక చిన్న ఫ్రీజర్ ఉండటం చేపలకన్నా మీకే మంచిది. చిన్న చిన్న ప్యాకెట్లుగా చేసి, తేదీ రాసి పెట్టుకోండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

పుండు చుట్టూ ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, మధ్యలో గుంట పడి లోతవుతున్నా, దూదిలాంటిది పెరుగుతున్నా, కడుపు వైపు ఎర్రటి చారలు వచ్చినా, రెండు మూడు రోజులుగా అసలు తినకపోయినా ఇంట్లో చేసే పని అయిపోయినట్టే. ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా లోపలికి దిగితే యాంటీబయోటిక్ కావాలి. అది ఏది, ఎంత, ఇంజక్షనా, తిండిలోనా అన్నది పశువైద్యుడే చెప్పాలి. మెడికల్ షాపులో మనుషుల క్యాప్సూల్ కొని నీళ్లలో విప్పి పోయడం వల్ల ఫిల్టర్ చావడమే తప్ప చేపకు ఒరిగేది తక్కువ.

తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, దాని వెటర్నరీ కాలేజీ 1955 నుంచీ నడుస్తోంది. ముందు ఫోన్ చేసి చేపల జబ్బులు చూసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగండి. కుక్కల డాక్టరు రేను ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. పర్వాలేదు, మీ దగ్గర వివరాలు ఉంటే ఆయన పని తేలికవుతుంది. ఫోటోలు, నీటి పరీక్ష అంకెలు, ట్యాంకు లీటర్లు, ఇప్పటిదాకా ఏం కలిపారో, చేప బరువు. బరువు తీయడం సులువే. నీళ్లున్న టబ్బును ముందు తూకం వేసి, అదే టబ్బులోకి రే వచ్చాక మళ్లీ తూచి తేడా చూడండి. మధ్యలో నీళ్లు చిమ్మితే లెక్క తప్పుతుంది, కాబట్టి ట్యాంకు పక్కనే, కొంత నీళ్లు పోసి ముందే తూచిన ఇంకో టబ్బు సిద్ధంగా పెట్టుకుని, మొదటి టబ్బులోంచి రేను అందులోకి జార్చి, రెండో దాన్ని మళ్లీ తూచండి. ఆ జారినప్పుడు వెంట పడే నీళ్లు కొద్దిగా ఉండేలా చూసుకోవాలి.

కాగితాల సంగతి కూడా ఒక మాట. 2022లో, అరుదైన జీవాల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం సమావేశం లియోపోల్డీతో పాటు మొత్తం ఏడు రకాల పొటామోట్రైగాన్ రేలను రెండో అనుబంధంలో చేర్చింది. అదే సంవత్సరం మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి, సైటీస్ జాబితాలోని జీవాలను పెంచేవాళ్లు వివరాలు నమోదు చేసుకోవాలన్నారు. మీ రే ఆ జాబితాలో ఉంటే కొన్న బిల్లు దాచుకుని, కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోండి. కాగితాలు లేవన్న భయంతో డాక్టరు దగ్గరికి పోని వాళ్లను చూస్తే బాధగా ఉంటుంది.

మళ్లీ కలపడం

పుండు పూర్తిగా మూసుకుని, మీద చర్మం నున్నగా వచ్చి, తిండి మామూలుగా తింటున్నాకే కలపండి. అడ్డుగా ఉన్న అక్రిలిక్ షీటు రెండు వైపులా ఒకదాన్నొకటి చూసుకుంటూ కొన్ని రోజులుంటే మంచిది. కలిపే రోజు ట్యాంకులో వస్తువుల చోట్లు మార్చి, రెండింటికీ కడుపునిండా తిండి పెట్టి, లైటు ఆపేసి, సెలవు రోజు చూసుకుని మీరు ఇంట్లో ఉన్నప్పుడే అడ్డు తీయండి. ఆఫీసుకు పోతూ పోతూ తీసే పని కాదు ఇది. తిండి కూడా ఇకపై రెండు మూలల్లో ఒకేసారి వేయండి.

ఒక మగ, ఒక ఆడ ఉన్న ట్యాంకులో ఆడదానికి విశ్రాంతి ఉండదు. ఒక మగకు రెండు లేదా మూడు ఆడవి ఉంటే కాట్లు పంచుకుంటాయి. ఆడది ఇంకా చిన్నది, మగది పెద్దది అయితే అసలు కలపొద్దు, అది ఎదిగి అంచు మందమయ్యేదాకా ఆగండి. ఆడది కడుపుతో ఉంటే మగదాన్ని విడిగానే ఉంచండి. రెండు మగవి, ఒక ఆడది అన్న లెక్క మాత్రం ఎంత పెద్ద ట్యాంకులోనూ నాకు నచ్చదు.

మళ్లీ మళ్లీ అదే కొరుకుతుంటే దాన్ని ఇచ్చేయడమే దారి. కొళత్తూరులో కొన్న చోటే మార్చుకునేవాళ్లున్నారు, లేదా పెద్ద ట్యాంకు ఉన్న తెలిసినవాళ్లకు ఇవ్వొచ్చు. చెరువులో మాత్రం వదలొద్దు. అక్కడ మోకాళ్ల లోతులో బట్టలుతికేవాళ్లు, వల వేసేవాళ్లు, ఈతకొచ్చే పిల్లలు ఉంటారు, ఇసుకలో దాగిన రే మీద కాలు వేస్తే ఏమవుతుందో పైన చదివారు.